వాయిదాకి ఇంకో మాట

ఫ్రేముల కొట్టు వెనక గది
ఫిబ్రవరి

ప్రియమైన అక్కకి,

స్వెటర్ అందింది. రంగు బాగుంది గానీ ఎడమ చెయ్యి దూరడం లేదు. డయాలసిస్ మిషనుకి ఎక్కించడానికని మోచేతి దగ్గర రెండు నరాలు కలిపి కుట్టారు కదా, అక్కడ ఉబ్బింది. చెవి ఆనిస్తే లోపల జుయ్యిమని చప్పుడు. మీ మరిది దానికి మోటారు అని పేరు పెట్టాడు. రోజూ పొద్దున్నే చెవి ఆనించి విని, "ఆడుతోంది" అని చెప్పి కొట్టు తెరవడానికి వెళ్తాడు.

ఆ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు. అంటే అద్దాల పలకలు ఇక నేను ముట్టకూడదు. కోత పనంతా ఆయనే చేస్తున్నాడు. ఆయన చేసిన ఫ్రేముల్లో నాలుగు మూలలూ నాలుగు దిక్కులు చూస్తున్నాయి. పెళ్ళి ఫొటో కట్టించుకున్న ఒకావిడ చాలాసేపు చూసి, "మేమే వంకరగా నిలబడ్డామేమో" అనుకుని పట్టుకుపోయింది.

కిడ్నీ మార్పిడి ఆపరేషన్‌కి మార్చి నెలాఖరు ఇచ్చారు. నీ రక్తం నాకు కలిసిందని తెలిసిన రోజు నువ్వు, "రెండున్నాయి కదే, ఒకటి తీసుకో, దాన్దేముంది" అన్నావు చూడు, పక్కింటికి కరివేపాకు ఇచ్చినట్టు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. మిగతా పరీక్షలు మీ ఊళ్ళోనే చేయించుకుని, ఒక వారం ముందు వస్తే చాలన్నారు.

ఒక కోరిక. వారానికి మూడు పూటలు నన్ను ఆ వార్డులో కూర్చోబెట్టి, రక్తమంతా బయటికి తీసి, ఉతికి, మళ్ళీ లోపలికి పంపుతారు. అంతసేపూ గోడ చూడటమే పని. నన్ను నీ పోస్టు క్లాసులో చేర్చుకో. ముక్కూ మొహం తెలియనివాళ్ళందరికీ ఇంగ్లీషు నేర్పావు, తోడబుట్టినదాన్ని వదిలేశావు. ఫోన్‌లో అడుగుదామంటే ఎప్పుడూ బావే ఎత్తి, నువ్వు స్నానానికి వెళ్ళావంటాడు. ఇంత శుభ్రమైన మనిషివి ఎప్పుడయ్యావే?

నీ చెల్లి

•

మేడ మీది గది
ఫిబ్రవరి నెలాఖరు

చిన్నీ,

చేర్చుకున్నాను. అందరికీ చెప్పే నియమాలే నీకూ. పాఠం చదివి సొంత వాక్యాలు రాయాలి. ముందు తెలుగులో, దాని కింద ఇంగ్లీషులో. ఎక్కడినుంచో ఎత్తి రాస్తే ఊరుకోను. వాక్యం నీ జీవితంలోంచి రావాలి, అప్పుడే మాట ఒంటికి పడుతుంది. ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతాను.

నా ఇంగ్లీషు పాఠాల పుస్తకం రెండో ముద్రణ కోసం ఇప్పుడు ఏ పాఠం దిద్దుతున్నానో అదే నీకూ పంపుతున్నాను. పుట్ ఆఫ్. అంటే వాయిదా వేయడం. ఇది ఇంట్లో వాడుకునే మాట. అదే పని కాగితం మీద చేస్తే పోస్ట్‌పోన్, ఇంకా పెద్ద ఆఫీసులో చేస్తే డిఫర్. డిలే అన్నప్పుడు తప్పు మనదే కానక్కర్లేదు, రైలుది కూడా కావచ్చు. షెల్వ్ అంటే అటకెక్కించడం. స్టాల్ అంటే కావాలని నీళ్ళు నమలడం, అది కాస్త దురుసు మాట, పెద్దవాళ్ళ మీద వాడకు. పుట్ ఆఫ్ తర్వాత చేసే పని చెప్పాలంటే చివర ఇంగ్ తగిలించాలి. ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. పుట్ ఆఫ్ అన్నామంటే పని జరుగుతుందనే అర్థం, రోజు మారిందంతే. అసలు జరగదు అనడానికి కాల్ ఆఫ్ అంటారు. అందరూ బోల్తా పడేది అక్కడే.

ఆపరేషన్ సంగతి. మార్చి నెలాఖరంటే ప్రెస్సువాళ్ళు సరిగ్గా నా పీక మీద కూర్చునే సమయం. మే నెలకి జరపమని అడుగు. కాస్త అటూ ఇటూ అయితే ఏముంది, నీ మోటారు ఆడుతోందిగా. ఈలోపు మిగిలిన పరీక్షలు చేయించుకుంటాను.

అక్క

•

డయాలసిస్ వార్డు, కిటికీ పక్క కుర్చీ
ఏప్రిల్

అక్కా,

అడిగాను, మేలో ఒక రోజు ఇచ్చారు. మార్పిడి ఆఫీసులో కూర్చునే ఆయన కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, "మీ అక్కగారు వస్తారు కదా" అన్నాడు. మా అక్క మాటంటే మాటే అన్నాను.

వాక్యాలు ఇంగ్లీషులో విడి కాగితం మీద రాశాను, తెలుగు ఇక్కడ. మంచినీళ్ళు తాగడం సాయంత్రానికి వాయిదా వేస్తాను (రోజుకి చిన్న సీసాడే తాగాలి, మిగతాదంతా ఒంట్లో నిలిచిపోతుంది). మా ఆయన గెడ్డం గీసుకోవడం వాయిదా వేస్తాడు. కొట్టుకొచ్చినవాళ్ళు ఫ్రేము కట్టించడం వాయిదా వేసుకుని పక్క వీధికి పోతున్నారు. మా అక్క రావడం మేకి వాయిదా వేసింది.

పక్క కుర్చీలో బస్సు నడిపి రిటైరైన డ్రైవరు గారుంటారు. పెళ్ళీ పెటాకులూ లేవు, తోడబుట్టినవాళ్ళు లేరు. నేను రాసేదంతా తొంగిచూస్తారు. నీ మాటల చిట్టా చదివి వినిపిస్తే ఆయన తెగ నవ్వారు. వాళ్ళ డిపోలో వీటన్నిటికీ కలిపి ఒకటే మాటట. బస్సు ఏదని ఎవరు అడిగినా "వస్తోంది" అనేవాళ్ళట. వస్తోంది అంటే ఎక్కడుందో ఎవరికీ తెలియదని అర్థమట.

పెట్టెలో మెత్తటి చీరలే సర్దుకో. నడుము పక్కన కుట్టు ఉంటుంది కాబట్టి గట్టి అంచు గుచ్చుకుంటుందని పెద్ద నర్సు చెప్పింది. నీ కోసం ముందుగదిలో మంచం కిటికీ వైపు జరిపించాను.

నీ చెల్లి

•

మేడ మీది గది
జూన్

చిన్నీ,

మేలో రాలేకపోయినందుకు నువ్వు ఏమీ అనుకోలేదని నాకు తెలుసు. బావని హఠాత్తుగా పై ఆఫీసుకి మార్చారు, ఇంట్లో సామానంతా అటూ ఇటూ అయింది. పైగా నాకు దగ్గు. దగ్గున్నవాళ్ళని కోయరట. ఇవన్నీ ఒక ఎత్తు, నా పరీక్షల్లో ఒక రిపోర్టు ఇంకా రాలేదు. అది లేకుండా ఏ డాక్టరూ కత్తి పట్టుకోడు కదా. వానలు తగ్గాక చూద్దాం.

నీ వాక్యాలు దిద్దాను. నాలుగో వాక్యంలో 'పుట్ ఆఫ్ టు కమ్' అని రాశావు. తప్పు. 'పుట్ ఆఫ్ కమింగ్' అని ఉండాలి. పాఠంలో గీత గీసి మరీ చెప్పాను. రెండో వాక్యం ముచ్చటగా ఉంది, పుస్తకంలో వాడుకుంటాను, మరిదిగారు కోప్పడరనుకుంటా.

ఆ డ్రైవరు చెప్పిన మాట సరదాగా ఉంది గానీ అలాంటి వాడుక నేర్చుకోకు.

అక్క

•

డయాలసిస్ వార్డు, కిటికీ పక్క కుర్చీ
ఆగస్టు

అక్కా,

డ్రైవరు గారి కుర్చీ ఖాళీ అయింది. ఏమైందని పెద్ద నర్సుని అడగకుండా మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆవిడే నవ్వుతూ వచ్చి, ఆయనకి కిడ్నీ దొరికిందని చెప్పింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పోతూ పోతూ ఇచ్చాడట. పై అంతస్తుకి వెళ్ళి అద్దంలోంచి చూశాను. మంచం మీద కూర్చుని గ్లాసుడు మంచినీళ్ళు గటగటా తాగుతున్నారు. నన్ను చూసి గ్లాసు పైకెత్తారు.

ఆయన ఈ వార్డుకి వచ్చింది నా తర్వాత. మరి నాకు ఎందుకు రాలేదని మార్పిడి ఆఫీసుకి వెళ్ళి అడిగాను. ఆయన ఫైలు తీసి చూశాడు. అలా కిడ్నీ కోసం వేచి ఉన్నవాళ్ళ జాబితాలో నా పేరే లేదు. ఇంట్లోవాళ్ళు ఇస్తామని ముందుకొచ్చిన రోగుల పేర్లు అందులో ఎక్కించరట. వీళ్ళకి మనిషి ఉంది కదా అని పక్కన పెడతారు. నువ్వు "దాన్దేముంది" అన్న రోజు నుంచీ నేను పక్కనే ఉన్నాను. డ్రైవరు గారికి అక్కాచెల్లెళ్ళు లేరు, అదృష్టవంతుడు.

కోపంతో రాయడం లేదు. కోపం ఉంది, కానీ దానితో రాయడం లేదు. నువ్వు వచ్చేదుంటే ఏ నెలలో వస్తావో చెప్పు. రానిదైతే రానని చెప్పు. రానని నువ్వు రెండు ముక్కలు రాసి సంతకం పెడితే మర్నాడే నా పేరు ఎక్కిస్తారట. దానికి కారణం కూడా రాయక్కర్లేదట.

ఈసారి వాక్యాలు ఒకటే రాశాను. మా అక్క కాదనడం వాయిదా వేస్తోంది. ఇంగ్ తగిలించాను, చూసుకో.

చెల్లి

•

మేడ మీది గది
సెప్టెంబరు

చిన్నీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నేను రానని ఎవరన్నారు? ఎప్పుడన్నా ఆ మాట నా నోట విన్నావా? నువ్వే లేనిపోనివి ఊహించుకుని, నర్సులకీ గుమస్తాలకీ అక్క మంచిది కాదన్నట్టు చెప్పుకుంటున్నావు. తొందరపడి జాబితాలూ సంతకాలూ అనకు. పరాయివాళ్ళది పడుతుందో లేదో, సొంత అక్కది ఉండగా అదెందుకు?

ఒక్కటి చెప్తాను, మళ్ళీ దాన్ని పట్టుకుని లాగకు. పరీక్షలప్పుడు ఇక్కడి డాక్టరు ఒక బొమ్మ గీసి చూపించాడు. నడుముని పక్కనుంచి గీసి, "ఇక్కణ్ణించి ఇక్కడికి" అని నీలం కలంతో ఒక గీత లాగాడు. చాలా మామూలుగా, పిల్లల పుస్తకానికి మార్జిను గీసినట్టు. అప్పటినుంచీ నేను స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఆ గీత నా ఒంటి మీద కనిపిస్తోంది. ఎంత రుద్దినా కనిపిస్తోంది. అది అలా ఉంచు. అదేం పెద్ద విషయం కాదు.

పుస్తకం బయటికొచ్చింది. ఒక ప్రతి పంపుతున్నాను. నీ వాక్యం అందులో ఉంది, గెడ్డంది. ఒక వాక్యానికి 'వాక్యాలు' అని రాశావు, తెలుగులో కూడా జాగ్రత్త అవసరం.

అక్క

•

ఫ్రేముల కొట్టు వెనక గది
అక్టోబరు

పంతులమ్మ గారికి,

పుస్తకం అందింది. బాగా అచ్చేశారు.

మీ రిపోర్టు నాకు మేలోనే వచ్చింది. ఇచ్చే మనిషికి ఒక ప్రతి, పుచ్చుకునే మనిషికి ఒక ప్రతి పంపడం ఈ ఆసుపత్రి పద్ధతి. అన్నీ బాగున్నాయి. గుండె బాగుంది, రక్తం బాగుంది, రెండు కిడ్నీలూ బంగారంలా ఉన్నాయని రాశారు. మీరు జూన్‌లో "ఒక రిపోర్టు ఇంకా రాలేదు" అని రాసినప్పుడు ఆ కాగితం నా ఒళ్ళోనే ఉంది. మీ మరిదికి చూపించలేదు. నువ్వు నోరు తెరిచి చెప్పేదాకా చూద్దామనుకున్నాను. చూస్తూనే ఉన్నాను.

మీరు అని రాయడం నాకు చేతకావడం లేదక్కా, వదిలేస్తున్నాను.

భయమేస్తోందని రాయకూడదా? ఆ నీలం గీత సంగతి చదివి నేను ఏడ్చాను. నా కోసం కాదు, నీ కోసమే. ఇన్ని ఉత్తరాల్లో అదొక్కటే నువ్వు రాసింది, మిగతావన్నీ పంతులమ్మ రాసింది. దాని వెంటనే "అదేం పెద్ద విషయం కాదు" అని రాశావు. చిన్నప్పుడు బడికి సూదిమందువాళ్ళు వస్తే, "ముందు మా చెల్లికి వేయండి, నేను చూసి వేయించుకుంటాను" అనేదానివి. నేను వేయించుకుని వెనక్కి తిరిగేసరికి వరసలో ఉండేదానివి కాదు. ఎక్కడికి పోయావని అడిగితే నీళ్ళు తాగడానికని చెప్పేదానివి. నాకు అప్పుడూ కోపం రాలేదు. నా భుజం నొప్పి పుడుతుంటే నిన్ను వెతకడానికి వెళ్ళేదాన్ని. నువ్వు భయపడితే నేనేమీ చిన్నబోను. నీ ఒళ్ళు నీది. ఇవ్వకపోవడం తప్పు కాదు. ఇస్తానంటూ ఇవ్వకుండా నన్ను గుమ్మంలో నిలబెట్టావు చూడు, అదీ నా కడుపు మంట.

గుండె కాస్త వాచిందన్నారు. నీరు చేరుతోందట. ఇంకొంతకాలం ఇలాగే గడిస్తే, కిడ్నీ దొరికినా ఆపరేషన్‌కి ఒళ్ళు తట్టుకోదట. డాక్టరు మీ మరిదిని బయటికి పిలిచి చెప్పాడు. ఆయన లోపలికొచ్చి చెవి ఆనించి మోటారు విని, ఈసారి ఏమీ అనలేదు.

రానని రాసి సంతకం పెట్టు. కాగితం ఇందులోనే పెట్టాను, చిరునామా రాసి స్టాంపు అంటించాను. నువ్వు కలం మూత తీసి పేరు రాయడమే. ఆ ఒక్క పని చెయ్యక్కా.

చెల్లి

•

మేడ మీది గది
నవంబరు

చిన్నీ,

చాలా పనిలో ఉండి కార్డు మాత్రమే రాస్తున్నాను. నువ్వు పంపిన కాగితం భద్రంగా ఉంది. ఇలాంటివి ఆలోచించి చేయాలి. కంగారుపడకు, వస్తున్నాను. వివరంగా తర్వాత రాస్తాను.

అక్క

•

డయాలసిస్ వార్డు, గోడ పక్క కుర్చీ
డిసెంబరు

అక్కకి,

కిటికీ పక్క కుర్చీ కొత్తగా వచ్చిన ఆవిడకి ఇచ్చేశాను. ఆవిడకి ఇంకా బయట చూడాలని ఉంది.

"వస్తున్నాను" అని రాశావు. చదవగానే డ్రైవరు గారు గుర్తొచ్చారు. మొన్న చూడటానికి వచ్చారు, సంచిలో తన నీళ్ళ సీసా, మొహం నున్నగా ఉంది. నీ కార్డు చూపించాను. ఈసారి ఆయన నవ్వలేదు.

మర్నాడు మార్పిడి ఆఫీసుకి వెళ్ళాను. మా అక్క రాయదండీ, ఇంకో దారి లేదా అని అడిగాను. ఆయన ఫైలు నా వైపు తిప్పి, "ఆవిడ వద్దనక్కర్లేదమ్మా. మీరు వద్దన్నా చాలు" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదన్నాను. "ఇచ్చేవాళ్ళుండగా వద్దనే రోగిని నేనింతవరకు చూడలేదు" అన్నాడు. అది విని అక్కడే బల్ల మీద రాసేశాను. మా అక్క ఇస్తానన్న కిడ్నీ నాకు వద్దు, అని రాసి సంతకం పెట్టాను. కారణం దగ్గర ఖాళీ వదిలేశాను. ఆయన కూడా అడగలేదు.

నా పేరు జాబితాలో ఎక్కింది, అందరికన్నా చివర. నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు ముందు. నా వంతు ముందొస్తుందో, గుండె ముందు ఆగుతుందో చూడాలి. నిరుడే ఎక్కి ఉంటే ఈపాటికి నేనూ గ్లాసెత్తేదాన్నేమో.

నీకు మంచే జరిగిందక్కా. ఇక ఎవరన్నా అడిగితే, "నేను ఇస్తానన్నాను, అదే వద్దంది" అని చెప్పుకోవచ్చు. అబద్ధం కూడా కాదు, నా సంతకం ఉంది. నీ తరఫున నేనే రాశాను, సూదిమందు నాకే ముందు వేసినట్టు. నీకు నేనివ్వగలిగింది ఇదొక్కటే. అందరికీ చెప్పుకో, నాకు బాధలేదు. నాకు మాత్రం అలా చెప్పకు. నాకు ఒక్కసారి నిజం రాయి. ఇవ్వలేకపోయాను అని, అంతే, ఇంకేమీ వద్దు. అది చదువుకుని నిన్ను క్షమించేస్తాను, నాకూ తేలికవుతుంది.

ఆఖరి అభ్యాసం జతచేశాను. వాక్యాలన్నీ నావే. మా అక్కకి నా మీద ప్రేమ ఉంది, దాన్ని ఎప్పుడూ వాయిదా వేయలేదు. మిగతావన్నీ వేసింది. నేను ఎదురుచూడటం మానేశాను. ముందుగదిలో మంచం మళ్ళీ గోడవైపుకి జరిపించాను.

నీ చెల్లి

•

మేడ మీది గది
డిసెంబరు నెలాఖరు

చిన్నీ,

నీ ఉత్తరం చూసి మనసు చివుక్కుమంది. నాతో ఒక్కమాటైనా అనకుండా అలా రాసిచ్చేస్తావనుకోలేదు. సరే, నీ ఒళ్ళు, నీ నిర్ణయం. దాన్ని గౌరవించడం తప్ప నేను చేయగలిగింది ఏముంది. నేనైతే జనవరిలో బయలుదేరదామని అటక మీంచి పెట్టె కూడా దింపించాను, కావాలంటే బావని అడుగు. మెత్తటి చీరలే తీసి పక్కన పెట్టుకున్నాను. ఇక్కడ తెలిసినవాళ్ళంతా, "మీరు ఇస్తానన్నా మీ చెల్లెలే వద్దందట కదా, పాపం" అని నన్ను ఓదారుస్తున్నారు. ఏం చెప్పను, తల ఊపుతున్నాను.

నువ్వు అడిగింది రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. అలాంటివి ఉత్తరాల్లో రాసుకునేవి కావు, కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

వాక్యాలు దిద్దాను. ఒక్క తప్పూ లేదు. ఎర్రసిరా తీసి ఊరికే మూత పెట్టేయాల్సి వచ్చింది. నా దగ్గర చదువుకున్నవాళ్ళలో ఇంత బాగా పట్టుకున్నవాళ్ళు లేరు.

కొత్త పాఠం జతచేశాను. తొందరేమీ లేదు. నిదానంగా, నీకు వీలైనప్పుడు రాసి పంపు.

అక్క